వరంగల్ ఎండల్లో చెర్రీ రొయ్యలు: నా అనుభవం

అందం కోసం గాజు తొట్లలో పెంచే రంగు రొయ్యలు వరంగల్‌లో బతకవని మొదట్లో నాకు చెప్పినవాళ్లే ఎక్కువ. కొందరు ఎండలను చూపించారు, కొందరు బోరు నీటిని చూపించారు. రెండూ నిజమైన అడ్డంకులే. అయినా ఈరోజు హన్మకొండలోని మా ఇంట్లో మూడు గాజు తొట్లలో చెర్రీ అనే చిన్న ఎర్ర రొయ్యలు తరం తర్వాత తరం పెరుగుతున్నాయి. వీటి పెంపకం గురించి దొరికే సమాచారంలో చాలాభాగం చల్లని దేశాలవాళ్లు రాసుకున్నది. చలికాలంలో నీటిని ఎలా వెచ్చబెట్టాలన్నది వాళ్ల బాధ. వేసవిలో నీటిని ఎలా చల్లబరచాలన్నది మన బాధ. అందుకే మన నీటితో, మన ఎండతో నాకు ఎదురైనవన్నీ వివరంగా రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు ఏ రొయ్యను పెంచాలో తేల్చుకోవాలి. అక్వేరియం రొయ్యల్లో నన్ను మొదట కట్టిపడేసింది క్రిస్టల్ రెడ్. ఎరుపు తెలుపు పట్టీలతో అది నాచు మీద నడుస్తుంటే కళ్లు తిప్పుకోలేం. 1990లలో జపాన్‌లో హిసయాసు సుజుకి అనే పెంపకందారు తన దగ్గరున్న ‘బీ’ అనే నలుపు తెలుపు రకం రొయ్యల మధ్య అరుదుగా పుట్టిన ఎర్రదాన్ని గుర్తించి, దాని సంతతిని ఓపికగా స్థిరపరచడంతో ఈ రకం వచ్చింది. అయితే ఇది కారిడినా అనే ప్రజాతిలోది. దీనికి ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే పీహెచ్ అంకె 7 కంటే తక్కువగా, కరిగిన లవణాలు కొద్దిగా ఉండే మెత్తని నీరు కావాలి, నీటి వేడి 24 డిగ్రీలు దాటకూడదు. మే నెలలో బయట 44 డిగ్రీలు కాసే ఊళ్లో నీటిని చల్లబరిచే చిల్లర్ యంత్రం లేకుండా అది అయ్యే పని కాదు. ఎంత ఇష్టమైనా దాన్ని పక్కన పెట్టాను. ఈ ప్రాంతంలో కొత్తగా మొదలుపెట్టేవాళ్లకు కూడా నా మాట అదే.

ఇక తకాషి అమానో పేరుతో పిలిచే అమానో రొయ్య. మొక్కల అక్వేరియాన్ని ఒక కళగా ప్రపంచానికి చూపించిన జపాన్ ఛాయాగ్రాహకుడు ఆయన, 2015లో కన్నుమూశారు. తొట్టిలో పెరిగే పాచిని తినిపించడానికి ఆయన ఈ రొయ్యను వాడడంతో దానికి ఆ పేరు స్థిరపడింది. పాచి తినడంలో దానికి సాటి లేదు. కానీ ఇంట్లో పిల్లలు చేయించడం చాలా కష్టం, ఎందుకంటే గుడ్లలోంచి వచ్చే దాని తొలిదశ పిల్లలు, అంటే లార్వాలు, పెరగడానికి ఉప్పు కలిసిన నీరు కావాలి. మన చెరువుల్లో పెంచే నీలకంఠ రొయ్యదీ ఇదే కథ. అందుకే దాని పిల్లలు ఉప్పునీటి వసతి ఉన్న హేచరీల నుంచి రావలసిందే.

చెర్రీ రొయ్యకు ఆ చిక్కు లేదు. లార్వా దశ బయట గడపకుండానే, గుడ్డులోంచి బుల్లి రొయ్యగానే బయటికి వస్తుంది. శాస్త్రీయనామం నియోకారిడినా డేవిడి, పుట్టిల్లు చైనా, తైవాన్ ప్రాంతాలు. 1904లో ఫ్రెంచ్ శాస్త్రవేత్త బూవియే దీన్ని వర్ణించాడు. ప్రకృతిలో దీని రంగు గోధుమ, ఆకుపచ్చ కలగలిసిన మసక రంగు. మనం చూసే ఎరుపు, పసుపు, నీలం రంగులన్నీ పెంపకందారులు ఏరి ఏరి నిలబెట్టినవి. ఆడది 3 సెంటీమీటర్ల వరకు పెరుగుతుంది, మగది కొంచెం చిన్నది. ఆయుష్షు ఏడాది నుంచి రెండేళ్లు. పీహెచ్ 6.5 నుంచి 8 వరకు, వేడి 18 నుంచి 28 డిగ్రీల వరకు ఓర్చుకుంటుంది. మన ఊరికి ఇదే తగిన రొయ్య అని నిర్ణయించుకున్నాను.

నీటి విషయానికి వస్తాను. నా సమయంలో ఎక్కువ భాగం దీనికే పోయింది, పోవాలి కూడా. మా ఇంటికి రెండు రకాల నీరు వస్తుంది. ఒకటి నల్లా నీరు. ధర్మసాగర్, వడ్డేపల్లి, భద్రకాళి చెరువుల్లో నిల్వచేసి, శుద్ధిచేసి నగరానికి పంపే నీరు ఇది. రెండోది మా పెరట్లోని బోరు. నల్లా నీటిలో లవణాలు తక్కువ, కానీ క్లోరిన్ ఉంటుంది. పైగా వానాకాలంలో చెరువులోకి కొత్త నీరు చేరినప్పుడు దాని గుణం మారుతుంది, శుద్ధికి వేసే పటిక, బ్లీచింగ్ మోతాదు కూడా మారుతుంది. ఈ వారం ఉన్నట్టు వచ్చే వారం ఉండని నీటిని రొయ్యలకు పోయడం నాకు ఇష్టం లేకపోయింది. బోరు నీటిలో క్లోరిన్ లేదు, కానీ గ్రానైట్ పొరల మధ్య నుంచి వచ్చే ఆ నీరు బాగా కఠినం. టీడీఎస్ పెన్ను ముంచితే 800 పైన చూపించింది.

టీడీఎస్ ఒక్కటే చూసి ఆగకూడదు. అది నీటిలో కరిగినవన్నీ కలిపి చెప్పే లెక్క. అందులో రొయ్య పెంకుకు పనికొచ్చే కాల్షియం, మెగ్నీషియం ఎంత ఉన్నాయో చెప్పేది జీహెచ్. దానికి చుక్కల పరీక్ష ఉంటుంది. చిన్న గాజు గొట్టంలో 5 మిల్లీలీటర్ల నీరు తీసుకుని, సీసాలోంచి ఒక్కో చుక్క వేస్తూ కలపాలి. నారింజ రంగు నీరు ఎన్నో చుక్కకు ఆకుపచ్చగా మారితే అన్ని డిగ్రీలన్నమాట. ఒక డిగ్రీ అంటే లీటరుకు దాదాపు 17.8 మిల్లీగ్రాముల కాల్షియం కార్బొనేటుకు సమానం. మా బోరు నీరు 28వ చుక్క దాకా రంగు మారలేదు. చెర్రీ రొయ్యకు కావలసింది 6 నుంచి 10 మధ్య.

ఇంట్లో తాగునీటికి పెట్టుకున్న ఆర్వో యంత్రం నుంచి వచ్చే నీటి టీడీఎస్ 40 దగ్గర ఉంటుంది. అందులో కాల్షియం ఉండీ లేనట్టే. అది ఒక్కటే పోస్తే రొయ్యకు కొత్త పెంకు గట్టిపడదు. అందుకని ఒక వంతు బోరు నీరు, నాలుగు వంతుల ఆర్వో నీరు కలిపాను. టీడీఎస్ 190 అటూ ఇటూ, జీహెచ్ 6 దాటి వచ్చింది, పీహెచ్ 7.4 దగ్గర నిలిచింది. బయట కొనే ఖరీదైన లవణాల పొడి అవసరం రాలేదు. మా భూమిలోని లవణాలే సరిపోయాయి. అయితే వేసవి ముదిరి భూగర్భ జలం కిందికి దిగినప్పుడు బోరు నీటి టీడీఎస్ పెరుగుతుంది, వానలు పడ్డాక తగ్గుతుంది. కాబట్టి కలిపిన ప్రతిసారీ పెన్నుతో చూసుకుని వంతులు సవరిస్తాను. అంకె 180 అయినా, 220 అయినా రొయ్యకు పెద్ద తేడా లేదు. అది ఒక్కసారిగా ఇటు నుంచి అటు దూకితేనే ముప్పు. ఈ పెంపకంలో నేను దేన్నైనా గట్టిగా నమ్ముతానంటే దీన్నే.

కారణం కుబుసంలో ఉంది. రొయ్య పెరగాలంటే పాత పెంకును విడవాలి. నీటిలోని లవణాల స్థాయి హఠాత్తుగా మారితే, లోపల కొత్త పెంకు సిద్ధం కాకముందే పాతది పగలవచ్చు. అప్పుడు తలభాగానికీ ఒంటికీ మధ్య చుట్టూ తెల్లని గీత కనబడుతుంది. ఆ గీత పడ్డ రొయ్య బతకడం చాలా అరుదు. అందుకే నేను వారానికి పదో వంతు నీరు మాత్రమే మారుస్తాను, అదీ సన్నని ధారగా.

తొట్టి ఏర్పాటు సులువైన భాగం. అడుగున్నర పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు గాజు తొట్టి చేయించాను. 40 లీటర్లకు దగ్గరగా పడుతుంది. ఇంతకంటే చిన్న తొట్టిలో నీటి గుణం త్వరగా మారిపోతుంది కాబట్టి కొత్తవాళ్లు చిన్నదానికి పోకపోవడమే మంచిది. అడుగున కడిగిన వాగు ఇసుక. రాళ్లకు మన దగ్గర కొదవ లేదు. హన్మకొండ చుట్టూ ఉన్న గుట్టలన్నీ గ్రానైటే, తొట్టిలో వేసిన ఆ రాయి చెప్పుకోదగ్గంతగా కరిగి కఠినత్వాన్ని పెంచదు. రాయి మీద వెనిగర్ చుక్క వేసి చూడాలి, నురగ వస్తే అందులో సున్నం ఉన్నట్టు, అలాంటిది పనికిరాదు. మొక్కల్లో జావా మాస్, జావా ఫెర్న్, అనూబియాస్ పెట్టాను. వీటికి బలమైన వెలుతురు గానీ కార్బన్ డయాక్సైడ్ సిలిండర్ గానీ అక్కర్లేదు. గాలి పంపుతో నడిచే స్పాంజి ఫిల్టర్ ఒకటి. మోటారు ఫిల్టర్ అయితే పిల్లలను లోపలికి లాగేస్తుంది.

తొట్టి నింపాక నెలకు పైగా అందులో రొయ్యలు వేయలేదు. చూడవచ్చినవాళ్లు ఖాళీ నీళ్లకు దీపం ఎందుకు పెట్టావని అడిగేవాళ్లు. అది ఖాళీ నీరు కాదు. కుళ్లే ఆకు నుంచి, మిగిలిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. ఒక రకం బాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఇంకో రకం ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. మొదటి రెండూ రొయ్యకు విషం, మూడోది కొద్ది మోతాదులో ఉంటే ఫరవాలేదు, మొక్కలు దాన్ని వాడుకుంటాయి. ఆ బాక్టీరియా స్పాంజిలో, ఇసుకలో స్థిరపడడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఈలోగా రాళ్ల మీద, ఆకుల మీద, గాజు మీద వేలితో రాస్తే జారే సన్నని పొర ఏర్పడుతుంది. దాన్నే బయోఫిల్మ్ అంటారు. రొయ్యలకు అసలైన మేత అదే. తొట్టిలో ఎండు బాదం ఆకులు రెండు వేశాను. విస్తళ్లు కుట్టే ఆ పెద్ద ఆకులే. నీటికి లేత టీ రంగు వస్తుంది, మెత్తబడుతున్న ఆకు మీద ఆ పొర దట్టంగా పడుతుంది.

రొయ్యలను సికింద్రాబాద్ నుంచి తెచ్చుకున్నాను. పార్సిల్‌లో తెప్పించుకోవచ్చు గానీ, వాటిని ఎంచుకునే అవకాశం పోతుంది. చురుగ్గా నాచును గీరుతున్నవాటిని, వయసులో చిన్నవాటిని చూసి తీసుకున్నాను. పెద్దవి చూడటానికి బాగుంటాయి గానీ వాటి ఆయుష్షు సగం అప్పటికే అయిపోయి ఉంటుంది. సంచిలో పట్టుకుని నిలబడటానికి కొంచెం నాచు వేయించి, కాజీపేట దాకా రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను.

ఇంటికి తేగానే తొట్టిలో వదలకూడదు. దుకాణం నీరు వేరు, మన నీరు వేరు. ఇక్కడ నాకు బాగా పనికొచ్చింది మందుల దుకాణంలో దొరికే సెలైన్ సెట్టు. ఆస్పత్రిలో గ్లూకోజ్ ఎక్కించడానికి వాడే ఆ సన్నని గొట్టానికి ఒక చక్రం ఉంటుంది. దాన్ని వేలితో పైకీ కిందికీ తిప్పితే చుక్కల వేగం మన చేతిలో ఉంటుంది. గొట్టం ఒక కొస తొట్టిలో, రెండో కొస కింద పెట్టిన గిన్నెలో. గిన్నెలో సంచి నీటితో సహా రొయ్యలు. సెకనుకు రెండు చుక్కల లెక్కన పడుతుంటే పక్కనే కూర్చున్నాను. నీరు మూడింతలయ్యాక పెన్ను ముంచి చూస్తే తొట్టి అంకెకు దగ్గరగా వచ్చింది. అప్పుడు వలతో ఎత్తి వదిలాను, సంచి నీరు తొట్టిలో పోయలేదు. మొదటి రాత్రి అన్నీ నాచులో దాక్కున్నాయి. తెల్లారేసరికి రంగు పాలిపోయి ఉన్నాయి. భయం, ప్రయాణం వల్ల అలా అవుతుంది. కొన్నాళ్లకే ఎరుపు తిరిగి వచ్చింది.

దగ్గర కూర్చుని చూస్తే రొయ్య ఒక్క క్షణం ఊరుకోదు. ముందున్న రెండు జతల కాళ్ల కొసన చిన్న పట్టకార్లు, వాటికి వెంట్రుకల కుచ్చులు ఉంటాయి. ఒక చేతితో గీరి నోట్లో పెట్టుకుంటుంటే ఇంకోటి అప్పటికే గీరుతుంటుంది. నాలుగు చేతులూ వరసగా ఆడుతూనే ఉంటాయి. భూతద్దం పట్టుకుని ఈ పనిని చూస్తూ నేను ఎన్ని సాయంత్రాలు గడిపానో చెప్పలేను.

గుడ్లు పట్టిన సంగతి మా అమ్మ ముందు కనిపెట్టింది. “బిడ్డా, దీని కడుపు కింద ఏవో ఆవగింజలు అతుక్కున్నాయి చూడు” అని పిలిచింది. అంతకు కొద్దిరోజుల ముందు నుంచే ఆ ఆడ రొయ్య మెడ వెనక పసుపుపచ్చని మచ్చ కనబడుతోంది. పెంపకందారులు దాన్ని శాడిల్ అంటారు. అండాశయంలో తయారవుతున్న గుడ్లవి. ఆడది కుబుసం విడిచిన వెంటనే నీటిలోకి ఒక వాసన వదులుతుంది. ఆ పూట తొట్టిలోని మగ రొయ్యలన్నీ ఉన్నచోట ఉండకుండా నీటి మధ్యలో అటూ ఇటూ వేగంగా ఈదుతాయి. ఏదో విషం కలిసిందేమోనని కంగారుపడే దృశ్యం అది. జత కట్టాక గుడ్లు పొట్ట కిందికి దిగి ఈతకాళ్లకు అంటుకుంటాయి. సాధారణంగా 20 నుంచి 30 వరకు ఉంటాయి.

తర్వాత మూడు నాలుగు వారాల పాటు ఆ తల్లి చేసే పని చూడాలి. ఈతకాళ్లను ఆపకుండా ఆడిస్తూ గుడ్లకు తాజా నీరు తగిలేలా చూస్తుంది. మధ్యమధ్య నడిచేకాళ్లను వెనక్కి వంచి ఒక్కో గుడ్డునూ తిప్పి శుభ్రం చేస్తుంది. నీరు వెచ్చగా ఉంటే గుడ్లు త్వరగా పొదుగుతాయి, చల్లగా ఉంటే ఆలస్యం. చివరి రోజుల్లో గుడ్డు రంగు పలచబడి, ఒక్కోదానిలో రెండు నల్లని చుక్కలు కనబడతాయి. అవి పిల్ల కళ్లు. మా అమ్మకు భూతద్దంలో అవి చూపించినప్పుడు ఆమె చాలాసేపు తల తిప్పలేదు.

పిల్లలు 2 మిల్లీమీటర్ల పొడవుంటాయి. పుట్టినరోజున కనబడవు. ఒళ్లు దాదాపు పారదర్శకం, కదిలితేనే తెలుస్తుంది. నాచు తీగ మీద ఒకదాన్ని చూస్తే ఆ తర్వాత చూపు కుదిరి చుట్టూ ఇంకో నాలుగు కనబడతాయి. తల్లి వాటిని పట్టించుకోదు, తినదు కూడా. తొట్టిలో చేపలు లేకపోతే చాలా పిల్లలు బతుకుతాయి. చిన్న నోరున్న గప్పీ అయినా సరే పిల్లలను వదలదు. చేపలూ కావాలి, రొయ్య పిల్లలూ కావాలి అంటే రెండు తొట్లు పెట్టుకోవడమే మార్గం. పిల్లలు దూరం వెళ్లి మేత వెతుక్కోలేవు, పుట్టినచోటే ఉన్న పొరను గీరుకుంటాయి. నెలకు పైగా తొట్టిని ఖాళీగా ఉంచినందుకు ఫలితం అప్పుడు దక్కింది. రెండు మూడు నెలల్లో అవే గుడ్లు పెట్టే వయసుకొస్తాయి.

మేత గురించి పెద్దగా చెప్పేది లేదు. రెండు రోజులకోసారి గోటంత ఉడికించిన పాలకూర ముక్క గానీ, దోసకాయ ముక్క గానీ, రొయ్యల కోసమే దొరికే మేత పలుకు గానీ వేస్తాను. కొన్ని గంటల తర్వాత మిగిలింది తీసేస్తాను. కూర విషయంలో మాత్రం కచ్చితంగా ఉంటాను. మార్కెట్ ఆకుకూరలకు మందులు కొడతారు, మనకు ఏమీ కాని మోతాదు రొయ్యను చంపుతుంది. మా పెరటి మడిలో పెంచిన కూరే వేస్తాను. విడిచిన కుబుసాలను తీయను. వాటిని తినే రొయ్యలు కాల్షియం తిరిగి తీసుకుంటాయి.

రాగి గురించి ఒక మాట. రొయ్య రక్తంలో ఆక్సిజన్‌ను మోసే పదార్థం హీమోసయనిన్, అందులో రాగి ఉంటుంది. అంటే అణువంత రాగి దానికి అవసరమే. కానీ నీటిలో కరిగిన రాగి కొంచెం ఎక్కువైనా ప్రాణం తీస్తుంది. మా ఇంట్లో రాత్రి రాగి బిందెలో నీళ్లు పోసి పొద్దున తాగే అలవాటు ఉంది. రొయ్యలకు నీళ్లు కలిపే బకెట్టు, చెంబు ప్లాస్టిక్‌వి విడిగా పెట్టి, ఆ బిందె నీళ్లు తొట్టి దగ్గరికి రాకుండా అమ్మకు చెప్పి ఉంచాను. చేపల జబ్బులకు వాడే చాలా మందుల్లోనూ రాగి ఉంటుంది. సీసా మీద చదవకుండా ఏదీ వేయకూడదు.

ఇక ఎండాకాలం. ఏప్రిల్ నడుమ నుంచి జూన్ మొదటి వానల దాకా ప్రతి మధ్యాహ్నం పరీక్షే. స్లాబు కింది గదిలో ఏమీ చేయకపోతే తొట్టి నీరు 32 డిగ్రీలు దాటుతుంది. వేడి పెరిగితే నీటిలో ఆక్సిజన్ తగ్గుతుంది. 25 డిగ్రీల దగ్గర లీటరుకు 8.2 మిల్లీగ్రాముల దాకా కరిగే ఆక్సిజన్, 32 దగ్గర 7.3కు పడిపోతుంది. అదే సమయంలో వేడికి రొయ్య ఒంట్లో పనులు వేగం పుంజుకుని దానికి ఇంకా ఎక్కువ ఆక్సిజన్ కావలసి వస్తుంది. గుడ్లు మోస్తున్న ఆడవి ఆ ఒత్తిడికి గుడ్లను రాల్చేస్తాయి.

నేను చేసినవి చెబుతాను. ఇంటి పైకప్పుకు తెల్ల సున్నం కొట్టించాను. తొట్లను ఉత్తరం వైపు గదిలోకి, నేలకు దగ్గరగా దించాను. దీపం వెలిగే వేళను తెల్లవారుజాముకు మార్చాను. అన్నిటికంటే ఎక్కువ మేలు చేసినవి కంప్యూటర్లలో ఉండే చిన్న ఫ్యాన్లు. తొట్టి అంచుకు రెండింటిని బిగించి నీటి మీదికి గాలి తగిలేలా తిప్పాను. ఆవిరి పోయేటప్పుడు వేడిని తీసుకుపోతుంది. మన ఎండాకాలపు పొడిగాలిలో 3 నుంచి 4 డిగ్రీల వరకు తగ్గుతుంది. ఎయిర్ కూలర్ ఉన్న గదిలో ఈ ఉపాయం అంత పనిచేయదు. కూలర్ గాలిలో తేమ నింపుతుంది, తేమ గాలిలో ఆవిరి మెల్లగా పోతుంది. అందుకే తొట్లున్న గదిలో కూలర్ పెట్టను, కిటికీ తీసి ఉంచుతాను.

ఫ్యాన్లు పెడితే నీటిమట్టం రోజూ తగ్గుతుంది. పోయేది నీరు ఒక్కటే, లవణాలు తొట్టిలోనే ఉండిపోతాయి. అందుకని తగ్గినంత ఆర్వో నీరు మాత్రమే పోయాలి. బోరు కలిపిన నీరు పోస్తూ పోతే మే చివరికి టీడీఎస్ ఎక్కడికో చేరుతుంది. ఫ్రిజ్‌లో గడ్డకట్టించిన నీటి సీసాలు తేలేయమని కొందరు సలహా ఇస్తారు. నేను ఒప్పుకోను. గంటలో ఐదు డిగ్రీలు పడిపోయి, సీసా కరిగాక మళ్లీ ఐదు పెరగడం కంటే 29 దగ్గర నిలకడగా ఉండడమే రొయ్యకు మేలు. కరెంటు పోతే నడవడానికి బ్యాటరీ గాలి పంపు ఒకటి సిద్ధంగా ఉంచుకుంటాను. ఎండాకాలంలో గుడ్లు తగ్గుతాయి, పెరుగుదల మందగిస్తుంది. వేడిలో పుట్టిన పిల్లల్లో మగవాటి వాటా ఎక్కువగా ఉంటుంది. ఈ జాతిలో నీటి వేడి ఆడమగ నిష్పత్తి మీద పనిచేస్తుంది, చల్లని నీటిలో ఆడవి ఎక్కువ. మా తొట్లలో అసలైన సందడి అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా. మన చలికాలం వీటికి పండగ కాలం, హీటర్ అవసరమే రాదు.

వానాకాలంలో గండం వేరే రూపంలో వస్తుంది. డెంగీ రోజుల్లో వీధుల్లో దోమల పొగ వదులుతారు. అది ప్రజలకు అవసరం, కాదనను. కానీ దోమను చంపే పైరెత్రాయిడ్ మందులు రొయ్యను కూడా చంపుతాయి, రెండూ కీళ్లకాళ్ల జీవులే. గాలి పంపు గదిలోని గాలిని పీల్చి నేరుగా నీటిలోకి వదులుతుందని చాలామందికి తట్టదు. పొగ యంత్రం చప్పుడు వినగానే కిటికీలు మూసి, పంపు ఆపి, తొట్ల మీద తడి గుడ్డ కప్పుతాను. పొగ విడిపోయాక గదికి గాలి తగలనిచ్చి పంపు వేస్తాను. గోడకు గుచ్చే దోమల మందు సీసాలు, కాయిల్స్ ఆ గదిలో ఉండవు, దోమతెరే వాడతాం. కాజీపేటలో నా మిత్రుడి తొట్టి, పంపు పక్కనే వెలిగిన అలాంటి సీసా వల్ల ఒక్క రాత్రిలో ఖాళీ అయింది.

కొత్త మొక్కలను కూడా నేరుగా తొట్టిలో పెట్టను. బకెట్టులో విడిగా ఉంచి, రోజు విడిచి రోజు నీరు మారుస్తూ కొన్ని వారాలు గమనిస్తాను. మొక్కలకు కొట్టిన మందు కడుక్కుపోవడానికి ఒకటి, వాటితో వచ్చే జీవులను పట్టుకోవడానికి ఇంకొకటి. ఒకసారి ఒక అమ్మకందారు ఇచ్చిన కట్టలో తూనీగ పిల్ల బయటపడింది. మట్టిరంగులో, ఆరు కాళ్లతో అడుగున కదలకుండా కూర్చుంది. పుల్లతో కదిపితే ముఖం కింద మడిచి పెట్టుకున్న కింది పెదవిని ముందుకు విసిరి పుల్లను పట్టుకుంది. అది తొట్టిలో చేరి ఉంటే రాత్రికొక రొయ్య చొప్పున తినేది. చదునైన ఒంటితో, బాణం మొన తలతో పాకే ప్లనేరియా పురుగులూ ఇలాగే మొక్కలతో వస్తాయి, అతిగా మేత వేసే తొట్టిలో పెరుగుతాయి.

రంగు నిలబెట్టడం వేరే సాధన. అన్ని పిల్లలూ తల్లంత ఎర్రగా రావు. కొన్ని పలచన, కొన్ని గాజులా ఉంటాయి. కాళ్ల దాకా రంగు నిండి, లోపలి శాడిల్ కూడా కనబడనంత చిక్కని ఎరుపున్న ఆడవాటిని ఒక తొట్టిలో ఉంచి, మిగిలినవాటిని రెండో తొట్టికి మారుస్తాను. ఆ రెండో తొట్టిలోవి కూడా హాయిగా బతుకుతాయి. రంగు పలచన అని ప్రాణం తీయడం నాకు చేతకాదు. ఎరుపునూ నీలాన్నీ ఒకే తొట్టిలో కలిపితే అందంగా ఉంటుందని కొందరు ఆశపడతారు. అవి ఒకే జాతి కాబట్టి కలుస్తాయి, కొద్ది తరాల్లోనే మళ్లీ ఆ అడవి గోధుమరంగు బయటికి వస్తుంది. ఏళ్లపాటు ఎవరో ఏరిన శ్రమ అంతటితో పోతుంది.

రొయ్యలు పెరిగాక పంచాలి. ఇచ్చేముందు ప్రతివారికీ ఒక షరతు చెబుతాను. ఎంత మాత్రం చెరువులో, వాగులో వదలవద్దు. ఇది వినడానికి చిన్న విషయంగా ఉంటుంది. మనవి గొలుసుకట్టు చెరువులు, కాకతీయుల నాటి నుంచి ఒకదాని మత్తడి దూకితే ఆ నీరు కింది చెరువుకు చేరుతుంది. ఒకచోట పడ్డ జీవి ఒక మంచి వానాకాలంలో ఎంత దూరమైనా పోగలదు. జర్మనీ, పోలండ్ లాంటి చలిదేశాల్లోనే, విద్యుత్ కేంద్రాల వేడినీరు కలిసే కాలువల్లో ఈ రొయ్యలు స్థిరపడి ఏళ్లుగా పిల్లలు పెడుతున్నాయి. మన చెరువు నీరు ఏడాదంతా వెచ్చనే. ఇక్కడి చిన్న రొయ్యలకు, వాటి మీద ఆధారపడిన చేపలకు ఏమవుతుందో ప్రయోగం చేసి చూసే హక్కు మనకు లేదు. 2 మిల్లీమీటర్ల పిల్ల బకెట్టులో ఉన్నా కనబడదు కాబట్టి, తొట్టి నుంచి తీసిన నీటిని మురుగుకాలువలో పారబోయను. గుడ్డతో వడకట్టి పెరటి మొక్కలకు పోస్తాను.

వద్దనుకుంటే నాకే తిరిగి ఇవ్వమని కూడా చెబుతాను. బదిలీ మీద మంచిర్యాల వెళ్తూ ఒక మిత్రుడు అలాగే తన తొట్టిలోవన్నీ తెచ్చి ఇచ్చాడు. అవి నా దగ్గరి నుంచి వెళ్లినవాటికీ, అతను చెన్నై నుంచి తెప్పించుకున్నవాటికీ పుట్టినవి. ఒకే సంతతి తమలో తామే కలుస్తూ పోతే గుడ్లు తగ్గి, పిల్లలు బలహీనపడతాయి. నాకు సరిగ్గా ఆ సమయానికి కొత్త రక్తం అందింది. వాటిలో కాళ్లు పూర్తిగా ఎర్రబడిన ఆడవాటిని ఏరి మూడో తొట్టిలో వేశాను. ఇప్పుడు వాటిలో సగం గుడ్ల మీద ఉన్నాయి. పిల్లల రంగు చూశాక వాటిని పాతవాటితో కలపాలా, విడిగా నడపాలా అన్నది నిర్ణయిస్తాను.